దయాకుమారి నోరు విప్పిన వారం

దయాకుమారి పరుగెత్తేటప్పుడు మాట్లాడదు. దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో, సముద్రం ఒడ్డునున్న కార్నిష్ దారి మీద పొద్దున్నే పరుగుకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఎదురైనవాళ్లకు చెయ్యి ఊపుతుంది, నవ్వుతుంది, అంతే. ఎవరైనా పక్కన చేరి కబుర్లు మొదలుపెడితే బూటు లేసు కట్టుకునే నెపంతో వంగి, వాళ్లు కాస్త దూరం వెళ్లాక మళ్లీ కదులుతుంది. గర్వమనుకున్నారు కొత్తలో కొందరు. గర్వం కాదు. నరసాపురం పక్క పల్లెటూరి నుంచి వచ్చి, ఏళ్ల తరబడి ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేస్తున్న మనిషి ఆమె. వార్డులో పొద్దస్తమానం మాటలే. రోగులతో హిందీ, డాక్టర్లతో ఇంగ్లీషు, వచ్చీరాని అరబ్బీలో ముదీర్‌తో, అంటే మేనేజరుతో, సంజాయిషీలు. కరోనా రోజుల్లో ఆ మాటలు మరీ ఎక్కువై, ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్సెక్కకుండా సముద్రం పక్కన నడిచింది. కొన్నాళ్లకు ఆ నడకే పరుగైంది.

"అక్కడ నన్నెవరూ సిస్టర్ అని పిలవరండీ. అదే నాకు విశ్రాంతి" అంది అప్పట్లో భర్త శాంతరాజుతో. ఆయన రువైస్ రిఫైనరీలో పనిచేస్తాడు. కంపెనీ క్వార్టర్సులో ఉంటూ వారం విడిచి వారం ఇంటికొస్తాడు. భార్య పరుగంటే ఆయనకు గౌరవమే గానీ, ఫోన్లో ఆమె పొడిపొడి మాటలకు మాత్రం అలవాటు పడిపోయాడు.

2023 నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం రమీజ్ ఫోన్ చేశాడు. రమీజ్ హైదరాబాదువాడు, ఏసీల కంపెనీలో సేల్స్ చూస్తాడు. అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్‌లలో పరుగెత్తేవాళ్లను ఒక గుంపుగా చేర్చింది అతనే.

"దయక్కా, నీతోని పనిపడ్డది. కరీముల్లా భాయ్ తెలుసు గదా నీకు?"

తెలియకపోవడమేం? పచ్చటి జాకెట్ వేసుకుని, పొడుగాటి తెల్లాయన చేతికి కట్టిన తాడు రెండో కొస పట్టుకుని పరుగెత్తే చూపులేని మనిషి. ఆయన కంటే ముందు ఆయన గొంతు వస్తుంది.

"ఆయన్ను తీస్కపోయే మార్టిన్ సాబ్ మెట్ల మీద కాలు బెణికించుకున్నడు. వచ్చే ఆదివారమే అల్ ఖూజ్ల పది కిలోమీటర్ల రన్. కరీం భాయ్ దానికోసమని ఎండకాలం సంది తయారైతున్నడు. నువ్వు తీస్కపోతవా అక్కా?"

"నేనా? అమ్మో! నాకెలా వస్తుందండీ? దారి పొడుగునా చెబుతూ ఉండాలి కదా. నాకసలు మాట్లాడ్డమే రాదు."

"నీ స్పీడు, ఆయన స్పీడు ఒక్కటే. ఇంక తెలుగామె గావాల్నని ఆయనే అడిగిండు. ఒక్కపారి మంగళారం రా. నచ్చకపోతే ఖలాస్, నేను మళ్ల అడగ."

ఫోన్ పెట్టేశాక దయాకుమారి వంటింట్లో అలాగే నిలబడిపోయింది. భయమే, కానీ భయమొక్కటే కాదు. ఇన్నాళ్ల పరుగులో ఆమె ఎవరికీ అడ్డురాలేదు, ఎవరికీ అవసరమూ కాలేదు. ఇప్పుడు ఒకరు, 'నువ్వు లేకపోతే నా పరుగు లేదు' అంటున్నారు. ఆ రాత్రి పడుకోబోతూ కూడా గది గుమ్మం దగ్గర ఆగి, 'ఇక్కడ గడప ఉంది, కాలెత్తండి' అని మనసులో చెప్పి చూసుకుంది. తర్వాత తనకే నవ్వొచ్చింది.

మంగళవారం సాయంత్రం అజ్మాన్‌లో ఒక పార్కు. ముందుగా రమీజ్ ఆమె చున్నీతోనే ఆమె కళ్లకు గంతలు కట్టి, తాడు కొస చేతికిచ్చి పరుగెత్తించాడు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ల కింద నేల మాయమైనట్టనిపించింది. రమీజ్ మాట్లాడినంతసేపూ నేల ఉంది. ఊరుకున్న క్షణంలో లేదు. "ఏదో ఒకటి చెప్పండి రమీజ్ గారూ!" అని కేక పెట్టింది.

"చూసినవా? గిదే పాఠం" అన్నాడు రమీజ్ గంతలు విప్పుతూ.

అంతలో చిన్న తెల్లకారు వచ్చి ఆగింది. నడుపుతున్నది కరీముల్లా భార్య పర్వీన్. అబాయాలు, బురఖాలు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. భర్త చూపు మందగించడం మొదలైన ఏడాది పట్టుబట్టి లైసెన్సు తెచ్చుకుంది. ఆయన దిగీ దిగకుండానే "యాడ, మా కొత్త కళ్లు యాడ?" అని అడిగాడు.

"ఏమక్కా, నువ్వేనా? చెవులు జాగర్త. ఈయన నిద్దట్లో కూడా ఊరుకోడు" అంది పర్వీన్.

కరీముల్లాది సూళ్లూరుపేట. యాభై దాటాడు. దుబాయ్ వచ్చిన కొత్తలో అల్ ఖూజ్‌లో ఒక టైర్ల గోదాములో స్టోర్‌కీపరు. ముందు రేచీకటి వచ్చింది, తర్వాత చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి కొన్నేళ్లకు పూర్తిగా పోయింది. కంపెనీవాళ్లు మనిషిని వదులుకోలేక అజ్మాన్ ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. గోదాము రోజుల్లో మూల నుంచి మూలకు ఉరుకులు పెట్టిన మనిషికి కుర్చీ పడలేదు. అలా పరుగులోకొచ్చాడు.

తాడు చెరో కొసా పట్టుకుని బయల్దేరారు. దయాకుమారి "కుడి" అంది. కాసేపటికి "ఎడమ" అంది. మరి కాసేపటికి "వంపు" అంది.

"సిస్టరమ్మా, సూది గుచ్చేముందు కూడా ఇంతే మాట్లాడతావా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే గడ్డికి నీళ్లు పెట్టే గొట్టం దారికి అడ్డంగా కనిపించింది. 'గొట్టం' అనే మాట నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. కరీముల్లా కాలు తగిలి బొక్కబోర్లా పడ్డాడు.

ఆమె ప్రాణం పోయినంత పనైంది. పర్వీన్ కారులోంచి మందుల పెట్టె తెచ్చింది. దయాకుమారి చేతులు మోకాలి గాయాన్ని వాటంతటవే కడిగి కట్టు కడుతున్నాయి గానీ, కళ్లల్లో నీళ్లు ఆగడం లేదు.

"నా వల్ల కాదండీ. నన్నొదిలెయ్యండి. రోడ్డు మీద ఇంకేమైనా అయితే?"

"ఏందమ్మా నువ్వు? పడేదేమో నేను, భయపడేదేమో నువ్వా? మార్టిన్ సారు మంచోడే. లెఫ్ట్ అంటాడు, రైట్ అంటాడు, స్టాప్ అంటాడు. ఇన్నాళ్లూ నేను పడలేదు. కానీ ఆయనతో ఎంత దూరం ఉరికినా నేను యాడికి పోయినట్టూ ఉండదు. నువ్వు నాకు దారి చెప్పొద్దు. కనపడేది చెప్పు. నీ కంట్లో ఏది పడితే అది. దారి దాంట్లోనే వస్తాది."

ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం మరో రెండు చుట్లు తిరిగారు. ఆమె చెప్పినవి ఎక్కువేమీ కావు. పిల్లాడి సైకిలు, చెత్తడబ్బా మీద పిల్లి, బెంచీ మీద నిద్రపోతున్న పెద్దాయన. ప్రతిదానికీ కరీముల్లా ఒక ప్రశ్న వేశాడు. పిల్లి ఏ రంగు? పెద్దాయన బూట్లు విప్పాడా?

బుధవారం పొద్దున దయాకుమారి ఒంటరిగా కార్నిష్ మీదికి వెళ్లింది. ఎప్పట్లా మౌనంగా కాదు. పక్కన మనిషి ఉన్నట్టే గొంతెత్తి చెప్పుకుంటూ పోయింది. "ముందర పలక ఒకటి లేచిపోయిందండీ, కాస్త కుడికి. పడవలు మూడు కట్టేసున్నాయి. మధ్య దానికి కొత్తగా నీలం రంగేశారు. ఎదురుగా ఇద్దరు వస్తున్నారు, లావుగా ఉన్నాయన చెమటలు కక్కుతున్నాడు పాపం." ఎదురొచ్చిన లావాటి ఆయన, ఆమె చెవుల్లో ఫోను తగిలించి ఉందేమోనని తేరిపార చూశాడు. లేదు. ఆయన భయంగా పక్కకు తప్పుకున్నాడు. దయాకుమారి సిగ్గుతో చచ్చిపోవాల్సింది, కానీ ఆ రోజు ఎందుకో పడీపడీ నవ్వింది. రోజూ చూసే దారే. పడవకు నీలం రంగు వేశారని, మసీదు గోడ పక్కన ఎవరో బంతిమొక్కలు నాటారని ఇంతవరకూ ఆమెకే తెలియలేదు. చెప్పాలి కాబట్టి చూసింది.

సాయంత్రం శాంతరాజు ఫోన్ చేస్తే ఆపకుండా చెప్పింది. గొట్టం సంగతి, మోకాలి సంగతి, బంతిమొక్కల సంగతి. అవతల ఏవో సొరుగులు లాగుతున్న చప్పుడు.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను, ఉన్నాను. చార్జర్ వెతుక్కుంటున్నాను. ఇంతసేపు మాట్లాడతావని అనుకోలేదు. ఊఁ, చెప్పు. పిల్లి ఏ రంగన్నావ్?"

శుక్రవారం తెల్లవారుతూనే పర్వీన్ భర్తను ఉమ్ అల్ క్వైన్ తీసుకొచ్చింది. మడచెట్ల పక్కనుంచి పోయే పొడుగాటి దారి. చల్లగాలి. ఇద్దరి అడుగులూ కలవడానికి కాస్త సమయం పట్టింది. కలిశాక మాత్రం తాడు బిగుసుకోవడమూ లేదు, జారడమూ లేదు. మధ్యలో ఉందన్న సంగతే మరిచిపోయేటంత హాయిగా ఊగుతోంది. దయాకుమారి మాటలు కూడా అడుగుల్లో పడ్డాయి. ఊపిరికి ఊపిరికి మధ్య ఎన్ని మాటలు పడతాయో ఆమె నాలుకకు తెలిసిపోయింది.

"నీళ్లలో పక్షులండీ. పొడుగు కాళ్లు. బోలెడున్నాయి. తెలుపు కాదు, గులాబీ రంగు. ముక్కు కొస మాత్రం నలుపు."

కరీముల్లా వేగం ఒక్కసారి తగ్గింది. "ఫ్లెమింగోలా?"

"అవునేమోనండీ."

"అవునేమో కాదు, అవే! మా పులికాట్‌కి వస్తాయమ్మా అవి. చిన్నప్పుడు మా నాయన సైకిలు మీద కూర్చోబెట్టుకుని చూపించేవాడు. ఇన్నేళ్ల నుంచి ఈ దారిలో ఉరుకుతా ఉండా, పక్కనే ఉండాయని ఒక్కరూ చెప్పలేదే నాకు! ఎన్ని ఉండాయి?"

"పరిగెడుతూ లెక్కెట్టడం ఎలాగండీ?"

"సరే, తల నీళ్లలో పెట్టి ఉండాయా, ఎత్తి ఉండాయా?"

"పెట్టే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మనల్నే చూస్తోంది."

కరీముల్లా ఆ వైపుకు చెయ్యెత్తి ఊపాడు. తర్వాత వేగం పెంచాడు.

"ముందర ఎవరన్నా ఉండారా?"

"ఇద్దరు కుర్రాళ్లున్నారు."

"దాటుదాం పా."

దయాకుమారి జీవితంలో ఎవరినీ కావాలని దాటలేదు. దాటడమంటే పక్కకు రావాలి, 'కాస్త జరగండి' అనాలి. అవన్నీ ఆమె పనులు కావు. కానీ తాడు ముందుకు లాగుతోంది. "జరగండి బాబూ, పక్కకు జరగండి!" అని తెలుగులోనే అరిచేసింది. కుర్రాళ్లకు భాష తెలియకపోయినా దారిచ్చారు. వాళ్లను దాటి పోతుంటే ఆమె ఒళ్లంతా ఝల్లుమంది. చిన్నప్పుడు గోదారి గట్టు మీద మేకపిల్లల వెంట పడిన తర్వాత అలాంటి ఉత్సాహం మళ్లీ ఎప్పుడొచ్చిందో ఆమెకు గుర్తులేదు.

"ఇంకెవరున్నారో చూడనా?" అని ఈసారి ఆమే అడిగింది.

శనివారం పరుగు లేదు, విశ్రాంతి. సాయంత్రానికి శాంతరాజు రువైస్ నుంచి అంత దూరమూ కారు నడుపుకుంటూ వచ్చేశాడు. నిజానికి అది ఆయన వచ్చే వారం కాదు. "షిఫ్టు మార్పించుకున్నాను. ఈ పందెం చూడకపోతే నువ్వు చెప్పేది వినడానికి నాకు వారం పడుతుంది" అన్నాడు.

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే అందరూ అల్ ఖూజ్‌లో ఉన్నారు. మామూలు రోజుల్లో పికప్పులు, ట్రక్కులు కిక్కిరిసి ఉండే రోడ్లను ఆ పొద్దున పరుగు కోసం ఖాళీ చేశారు. కంపెనీ బస్సులు వరసగా పక్క వీధిలో నిలిపారు. రకరకాల దేశాల జనం ఒళ్లు వేడెక్కించుకోవడానికి గెంతుతున్నారు. ఎవరో మైకులో లెక్క మొదలుపెట్టారు. దయాకుమారి "యేసయ్యా" అనుకుంది. కరీముల్లా "బిస్మిల్లా" అన్నాడు. గుంపు కదిలింది.

మొదటి వీధి అంతా మోచేతుల మధ్యే. ఆమె ఒక చేత్తో ఆయన్ను కాచుకుంటూ, "స్పీడు బ్రేకరొస్తోంది, ఇప్పుడెత్తండి! ఎడమ పక్క తోపుడు బండిలో పాపనేసుకుని ఒకావిడ, మనం కుడి నుంచి పోదాం" అని చెబుతూనే ఉంది. గుంపు పలచబడ్డాక వేగం అందుకున్నారు. తూర్పున వెలుగొచ్చింది. ఇక కరీముల్లా మొదలుపెట్టాడు. ఈ వీధులు ఆయన యవ్వనం గడిపిన వీధులు.

"ఇక్కడ కుడి పక్క మలబారీ హోటలు ఉంటాది చూడు."

"లేదండీ. గాజు తలుపుల కాఫీ షాపుంది."

"దాని పక్కన వెల్డింగు షాపు?"

"బొమ్మలు గీసి అమ్మే చోటులా ఉంది. గోడ నిండా గుర్రం బొమ్మేశారు."

"గుర్రమా! వెల్డింగు షాపులో గుర్రమా!" ఆయనకు బాధ కాదు, పట్టలేని ఆశ్చర్యం. పక్కన పరుగెత్తేవాళ్లందరికీ వినిపించేలా నవ్వాడు.

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. ఒక కూడలి దగ్గర ఎడమ వైపు రోడ్డు తవ్వేశారు. అడ్డంగా సిమెంటు దిమ్మెలు, వాటి వెనక లోతైన గొయ్యి. బాణం గుర్తు కుడికుంది.

"కుడికండీ" అంది దయాకుమారి.

"కుడికి పోతే మళ్లీ మొదటికే వస్తాం. ఎడమకి పోవాలమ్మా. మా టైర్ల గోదాము ఎడమకే. నాకు తెలవదా?"

"తవ్వేశారండీ అటు—"

ఆయన వినిపించుకోలేదు. ఏళ్ల తరబడి ఆ మలుపు తిరిగిన కాళ్లు ఎడమకు వాలిపోయాయి. తాడు బిగిసింది. సిమెంటు దిమ్మె మీదికి వచ్చేస్తోంది. దయాకుమారి గుండెల్లో ఎక్కడో ఉన్న గొంతు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"కరీముల్లా! నోరు మూసుకుని కుడికి రండి!"

ఆ కేకకు కరీముల్లాయే కాదు, ముందు పోతున్న పదిమందీ, వెనక వస్తున్నవాళ్లూ ఒక్క కుదుపుతో కుడికి తిరిగారు. జెండా పట్టుకుని నిలబడ్డ వలంటీరు కుర్రవాడు కూడా రెండడుగులు కుడికి జరిగాడు.

దయాకుమారికి చెవులు వేడెక్కిపోయాయి. పెద్దవయసు మనిషిని నడిరోడ్డు మీద పేరుపెట్టి గదమాయించింది.

"క్షమించండి. గొయ్యుందండీ అక్కడ. పడిపోయేవారు."

"సిస్టరమ్మా," అన్నాడాయన ఆయాసపడుతూ, "అచ్చం మా పర్వీన్ గొంతే. ఇంక నాకేం భయంలేదు. పోనీ, పోనీ!"

కుడి వీధిలో రెండు పక్కలా కార్మికుల వసతి భవనాలు. సెలవు పొద్దు కావడంతో జనం వసారాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"పైన నాలుగంతస్తుల నిండా మనుషులండీ. భుజాన తువ్వాళ్లు, నోట్లో బ్రష్షులు. ఒకాయన టీ గ్లాసు ఎత్తి మనకే చూపిస్తున్నాడు. అందరూ మన తాడు వైపే చూస్తున్నారు."

"యల్లా చాచా, యల్లా!" అని పైనుంచి ఎవరో అరిచారు. ఆ ఒక్క అరుపూ అంతస్తు అంతస్తుకూ పాకి వీధంతా హోరెత్తింది. కరీముల్లా రెండో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. అంతలో కింద గేటు దగ్గర్నుంచి లుంగీ కట్టుకున్న ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"కరీమన్నా! నేనన్నా, హయాత్ బాషాని! టైర్ల గోదాము పికప్పు డ్రైవర్ని!"

"రేయ్ హయాతూ! ఇంకా ఈడనే ఉండావా?"

"యాడికి పోతానన్నా? నువ్వేంది ఇట్లా ఉరుకుతుండావు? ఆగన్నా!"

"ఆగేది లేదు. నువ్వే రా!"

హయాత్ బాషా చెప్పులు టపటపలాడిస్తూ లుంగీ ఎగ్గట్టి పక్కనే పరుగెత్తాడు. ఎవరెవరు ఊళ్లకు వెళ్లిపోయారో, ఎవరు ఉన్నారో, ముదీర్ కొడుకు ఇప్పుడెక్కడున్నాడో ఇద్దరూ అరుచుకున్నారు. వీధి చివరికి వచ్చేసరికి హయాత్ బాషాకు ఊపిరి అందలేదు. "నువ్వు పో అన్నా, నేను వెనక మెల్లగా వస్తా" అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

చివరి కిలోమీటరు తిన్నటి రోడ్డు. దయాకుమారికి పిక్కలు బిగుసుకుపోతున్నాయి. కరీముల్లా మోకాలి కట్టు ఎర్రబడింది.

"కట్టు తడిసిందండీ. తగ్గిద్దామా?"

"ముందర ఎవరుండారో చెప్పు."

ఆమె చూసింది. చూసి చెప్పింది. "ఎర్ర చొక్కా ఒకాయన. అలిసిపోయాడు, భుజాలు వాలిపోయాయి." దాటారు. "జంట అమ్మాయిలు, చేతులు పట్టుకున్నారు." దాటారు. "పొడుగాయన, బాగానే పరిగెడుతున్నాడండీ, కష్టం." "కష్టమైతే గట్టిగా చెప్పు!" ఆమె చెప్పడం మానేసి అరుస్తోంది. "కొంచెం! ఇంకొంచెం! కుడి భుజం జాగ్రత్త! దాటేశాం! నీలం తోరణం కనబడుతోంది, కింద ఎర్ర పట్టా పరిచారు, జనం చేతులూపుతున్నారు, మీ పర్వీన్ గారు కంచె ఎక్కేశారు, దిగమంటున్నా దిగడం లేదు, మా ఆయన ఫోన్ తిరగేసి పట్టుకుని వీడియో తీస్తున్నాడు, వచ్చేసిందండీ, వచ్చేసింది, ఎర్ర పట్టా, ఎత్తండి కాలు!"

ఇద్దరూ ఒక్క అడుగులో గీత దాటారు.

తర్వాత అంతా కలగాపులగమే. పర్వీన్ వచ్చి భర్తను కాదు, దయాకుమారిని వాటేసుకుంది. రమీజ్ "ఏం గొంతక్కా నీది, మైకుల కంటే ముందుగాల నీదే వినొచ్చింది!" అని ఎగురుతున్నాడు. శాంతరాజు ఫోన్లో తన మొహమే రికార్డయిందని గ్రహించి తల బాదుకున్నాడు. కాసేపటికి హయాత్ బాషా నిజంగానే వెనక మెల్లగా వచ్చాడు. అందరూ ఒక చిన్న హోటలు బయట గట్టు మీద కూర్చుని పరోటాలు, టీ తెప్పించుకున్నారు. మోకాలికి కొత్త కట్టు కట్టించుకుంటూనే కరీముల్లా అడిగాడు.

"ఎంతమందిని దాటినాం?"

"లెక్కెట్టలేదండీ. మిమ్మల్ని చూసుకోవడంతోనే సరిపోయింది."

"ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమాలో ఇరవై ఒక్క కిలోమీటర్లంట. అక్కడ లెక్కపెడుదువులే."

"మార్టిన్ గారి కాలు అప్పటికి బాగైపోతుంది కదండీ?"

"ఆయన కూడా రానీ. ఇంకో పక్క ఉరుకుతాడు. నువ్వు వస్తావా, రావా?"

దయాకుమారి నోట్లో పరోటా ముక్క ఉంది. అది మింగేదాకా ఆగలేక తల ఊపింది. తల ఊపితే ఆయనకు తెలియదని గుర్తొచ్చి, నోటి నిండా పరోటాతోనే "వస్తాను, వస్తాను" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమెకు డ్యూటీ. గబగబా స్నానం చేసి, యూనిఫారం వేసుకుని వార్డులో అడుగుపెట్టి, తోటి నర్సు జెన్నిఫర్‌కు గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"జలుబా దయక్కా? మాస్కు పెట్టుకో" అంది జెన్నిఫర్.

కాదన్నట్టు చెయ్యి తిప్పి, పరుగెత్తినట్టు సైగ చేసింది దయాకుమారి.

"పరిగెడితే కాళ్లు పోవాలి గానీ గొంతు పోవడమేంటి?"

దయాకుమారి కుర్చీ లాక్కుని ఆమెను ఎదురుగా కూర్చోబెట్టింది. గొంతు లేకపోతే ఏం? రెండు చేతులూ ఉన్నాయి. ఒకదాని చుట్టూ తాడు చుట్టినట్టు తిప్పి, కథ మొదటి నుంచి మొదలుపెట్టింది.